పలకా పలుకూ

1958 నడిమి నుంచి 1960 దాకా అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు కలమజూ పట్టణంలో గిబ్సన్ కంపెనీ తయారుచేసిన లెస్ పాల్ స్టాండర్డ్ గిటార్‌ను చూస్తే, తీగ మీటకముందే మనసు దానికి లొంగిపోతుంది. వెనక మహాగని పలక, ముందు మేపుల్ ముఖం. ఒకే మేపుల్ పలకను నిలువునా చీల్చి, ఆ రెండు రేకులనీ విప్పి పక్కపక్కన అతికిస్తారు. కుడి సగంలో ఏ రేఖ ఉంటే ఎడమ సగంలో దాని ప్రతిబింబం ఉంటుంది. అంచుల్లో చెర్రీ ఎరుపు, లోపలికి వచ్చేకొద్దీ తేనె పసుపు. ఆ పసుపు మీద అడ్డంగా మెరుపు చారలు. గిటార్‌ను చేతిలో కాస్త వంచితే ఇంతవరకూ వెలిగిన చార ఆరుతుంది, ఆరినది వెలుగుతుంది. పొట్టకొచ్చిన వరిచేను మీద గాలి నడిచి వెళ్తుంటే గట్టున నిలబడి చూసినవాళ్లకి ఆ కదలిక వెంటనే తెలుస్తుంది.

ఈ చారల్ని ఎవరూ గీయలేదు. మేపుల్ మానులో నారపోగులు నిటారుగా సాగక అలలు తిరుగుతూ పెరిగినప్పుడు, దాన్ని కోసి చిత్రిక పట్టిన ముఖం మీద కొన్నిచోట్ల పోగులు పక్కవాటుగా పడుకుని ఉంటాయి, కొన్నిచోట్ల వాటి కొసలు మనవైపు తిరిగి ఉంటాయి. పడుకున్నచోట వెలుతురు తిరిగి వస్తుంది, కొసలున్నచోట లోపలికి ఇంకుతుంది. అన్ని మేపుల్ చెట్లకీ ఈ గుణం ఉండదు. ఉన్న చెట్టులోనూ దుంగ పొడవునా ఒకేలా ఉండదు. అందుకే ఆ ఏళ్ల గిటార్లలో కొన్ని భగ్గుమంటాయి, కొన్ని నున్నగా, సాదాగా ఊరుకుంటాయి. పైపూతలోని ఎరుపు ఎండ తగిలితే నిలిచేది కాదు. దశాబ్దాలు గడిచేసరికి ఒకటి నిమ్మ పసుపుకి దిగింది, మరొకటి ముదురు తేనె రంగుకి. ఏ రెండూ ఒక్కలా లేవు. చేసినవాళ్లు మొదలుపెట్టిన బొమ్మను ఎండ పూర్తిచేసింది.

అప్పట్లో దాని ధర మూడు వందల డాలర్ల లోపే. అయినా కొనేవాళ్లు కరువయ్యారు. ఆ కొద్ది కాలంలో సుమారు పదిహేను వందలు మాత్రమే తయారయ్యాయని అంచనా. 1961 వచ్చేసరికి కంపెనీ ఆ రూపాన్నే పక్కనపెట్టి, పలచని ఒంటితో రెండు కొమ్ముల కొత్త గిటార్ తెచ్చింది. 1966లో జాన్ మేయాల్ బృందంతో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ దాన్ని వాయించిన ఆల్బమ్ వచ్చాక అందరికీ ఆ పాత గిటార్ మీద మనసు మళ్లింది. 1968లో కంపెనీ మళ్లీ లెస్ పాల్ చేయక తప్పలేదు. ఈనాడు ఆ మూడేళ్ల గిటార్ల ధర లక్షల డాలర్లు.

అదే చెక్క, అదే జిగురు, అదే చార. అందం ఉండీ అమ్ముడుపోని కాలం ఒకటి ఉంది గనక, ఆ అందాన్ని ధర పుట్టించలేదని ధైర్యంగా అనగలను. కానీ ధర ఒక పని చేసింది. మన చూపుని నిలబెట్టింది. లక్షల డాలర్ల వస్తువు ముందు నిలబడ్డవాడు ప్రతి రేఖనీ చదువుతాడు, ప్రతి మచ్చకీ కారణం అడుగుతాడు, వెలుగు ఎటునుంచి పడితే ఏమవుతుందో తిప్పి తిప్పి చూస్తాడు. 1959లో దుకాణంలో అదే గిటార్ గోడకు వేలాడుతుంటే చాలామంది చూడకుండానే దాటిపోయారు. ఖరీదైన చెక్కకి ఇచ్చే ఈ ఓపికైన చూపుని చవక చెక్కకి కూడా ఇస్తే ఏం కనిపిస్తుంది? నాకు కనిపించినదాన్ని చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందు చెవి సంగతి తేల్చుకోవాలి. వాద్యం, చెక్క అనగానే మనకు వీణ గుర్తొస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగలోంచి కుండనూ దండినీ తొలిచి ఏకాండి వీణ చేస్తారు. అక్కడ చెక్కే గొంతు. తీగ కంపనం గుర్రం మీదుగా కిందికి దిగి, కుండ మీది పలకను ఊపి, ఆ పలక గాలిని ఊపితేనే నాదం పుడుతుంది. పనస బదులు మరో చెక్క పెడితే మరో గొంతు వస్తుంది. గుల్లతనం లేని ఘనమైన పలకతో చేసిన ఎలక్ట్రిక్ గిటార్‌లో నాదానికి ఆ దారి లేదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్ల సన్నని రాగి తీగ. ఆ అమరికే పికప్. ఉక్కు తీగ ఆ అయస్కాంత క్షేత్రంలో ఊగితే రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్‌కి వెళ్లేది అదొక్కటే. చెక్క ఊపుని పికప్ నేరుగా పట్టుకోలేదు.

అలాగని చెక్క ప్రభావం బొత్తిగా లేదనలేం. తీగని రెండు కొసల్లోనూ పట్టి ఉంచేది చెక్కే. మెడ ఏదో ఒక వేగంతో ఊగడానికి సిద్ధంగా ఉండి, తీగ కూడా అదే వేగంతో ఊగితే, తీగలోని శక్తిని మెడ లాగేసుకుంటుంది. ఆ ఒక్క మెట్టు దగ్గర స్వరం తొందరగా చచ్చిపోతుంది. వాయించేవాళ్లు దీన్ని డెడ్ స్పాట్ అంటారు. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్ 1990 దశకంలో ఈ కంపనాల్ని కొలిచి, తప్పు ఎక్కువగా మెడలో ఉందని చూపించాడు. మనం మురిసిపోయే ఒంటి పలకకి అందులో వాటా చిన్నది. 2021లో నాష్‌విల్ గిటారిస్టు జిమ్ లిల్ ఇంకా ముందుకెళ్లాడు. గిటారే లేకుండా, రెండు బల్లల మధ్య తీగలు బిగించి, కింద పికప్ అమర్చి వాయించాడు. వచ్చిన ధ్వనిని మంచి గిటార్ ధ్వని పక్కన పెడితే తేడా చెప్పడం కష్టమైంది.

గిటారిస్టు పీటర్ గ్రీన్ వాయించిన 1959 లెస్ పాల్ కథ కూడా ఇక్కడే చెప్పాలి. రెండు పికప్‌లూ కలిసి పలికేటప్పుడు దాని గొంతు సన్నబడి, ముక్కుతో మాట్లాడుతున్నట్టుగా, ఏడుపు ఆపుకుంటున్నట్టుగా వస్తుంది. ఆ గొంతు కోసం తరాల గిటారిస్టులు తపించారు. దాని కారణం మేపుల్ చారల్లో లేదు. మెడ దగ్గరి పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉంది. ఆ గిటార్ గ్రీన్ చేతి నుంచి గ్యారీ మూర్‌కి, తర్వాత చేతులు మారి మెటాలికా గిటారిస్టు కర్క్ హామెట్‌కి చేరింది. వెళ్లిన ప్రతిచోటా దాని వెల పెరిగింది. వెల కట్టలేని ఆ శోకం మాత్రం తిరగబడ్డ అయస్కాంతం ఇచ్చినది. నాకు ఇది తెలిశాక ఆ గొంతు మీద ప్రేమ పెరిగిందే గానీ తరగలేదు.

మరి ఒంటి చెక్క ఎవరి కోసం? వాయించేవాడి కోసం. ఆంప్లిఫయర్ ఆపేసి, గిటార్‌ను ఒడిలో పెట్టుకుని, దిగువ తీగని గట్టిగా మీటి చూడండి. పలక పక్కటెముకలకి ఆనిన చోట ఒక చిన్న వణుకు తెలుస్తుంది. తేలికైన యాష్ ఒకలా వణుకుతుంది, బరువైన మహాగని మరోలా. సభలో కూర్చున్నవాళ్లకి అది అందదు. కానీ ఆ వణుకు అందుకున్నవాడు తర్వాతి స్వరాన్ని ఇంకాస్త సేపు పట్టుకుంటాడు, వేలి ఒత్తిడి మారుస్తాడు, తొందరపడడు. బరువు కూడా అంతే. నాలుగు కిలోలు దాటిన లెస్ పాల్ భుజానికి పట్టీ వేసుకుని నిలబడితే నడుము నిటారవుతుంది, మనిషి ఉన్నచోటే పాతుకుంటాడు. మూడు కిలోల పైచిలుకు గిటార్ వేసుకున్నవాడు అటూ ఇటూ తిరుగుతూ వాయిస్తాడు. చెక్క ముందు మనిషిని మారుస్తుంది, మనిషి స్వరాన్ని మారుస్తాడు. ఈ దారిలో చూస్తే చెక్కకి సంగీతంలో వాటా లేదనేవాళ్లతో నాకు పేచీ ఉంది.

ఇప్పుడు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌కి రండి. లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. గిటార్ వాయించడం రాదు. 1950లో ఆయన చేసిన ఘన గిటార్ ముందు ఎస్క్వైర్, బ్రాడ్‌కాస్టర్ పేర్లతో వచ్చి, 1951లో టెలికాస్టర్‌గా స్థిరపడింది. ఒకటీ ముప్పావు అంగుళాల మందం పలక. రంపంతో గిటార్ ఆకారానికి కోసి, అంచులు కాస్త గుండ్రం చేసి వదిలేశారు. వంపు లేదు, కడుపు దగ్గర చెక్కుడు లేదు. మేపుల్ మెడను నాలుగు మరలతో బిగించారు. విరిగితే విప్పి మరొకటి పెట్టుకోవచ్చు. పలక యాష్ చెక్కది. 1950 దశకం మొదట్లో దాని ధర సుమారు 190 డాలర్లు.

యాష్ చెట్టు వసంతంలో తొందరగా పెరిగి, పెద్ద పెద్ద రంధ్రాలున్న మెత్తని పొర వేస్తుంది. వేసవిలో నెమ్మదించి గట్టి పొర వేస్తుంది. ఏటేటా ఈ జంట పొరలు పేరుకుంటాయి. అందుకే యాష్ పలక మీది రేఖలు లోతుగా, స్పష్టంగా, నదీ పటంలా మెలికలు తిరుగుతాయి. ఆ రంధ్రాల్ని పూడ్చి, పలచని మీగడ రంగు పూత వేస్తే కింది రేఖలు మంచు వెనక కొండల్లా ఉండీ లేనట్టు కనిపిస్తాయి. మొదటి ఏళ్ల టెలికాస్టర్లలో ఆ పూత కాలం గడిచేకొద్దీ పండి బెల్లపు రంగు తేలింది. మధ్యలో, మీటే చేతి గీతలు పడకుండా, నల్లని పిక్‌గార్డ్. అంతే. ఇంకో అలంకారం లేదు. నా దృష్టిలో ఎలక్ట్రిక్ గిటార్ల చరిత్రలో ఇంత తృప్తినిచ్చే ముఖం మరొకటి లేదు. లెస్ పాల్ మేపుల్ మన చూపుని పట్టి ఊపేస్తుంది. టెలికాస్టర్ యాష్ మన చూపుని కూర్చోబెడుతుంది.

మన ఆలంకారికుల్లో క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. ఎంత గొప్ప అలంకారమైనా ఉండాల్సినచోట ఉంటేనే అందం. టెలికాస్టర్ పలక ముందు నిలబడితే ఆ సూత్రం కళ్లకి కనిపిస్తుంది. బార్లలో, నాట్యశాలల్లో రాత్రంతా వాయించే పనివాడికి పనిముట్టు కావాలి. చవకగా దొరికే చెక్క, తేలిగ్గా కోయగలిగే ఆకారం, పాడైతే మార్చుకోగలిగే భాగాలు. ఈ అవసరాల్లో ఒక్కటి కూడా అందం కోసం పుట్టలేదు. అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని కుదిరేసరికి అందం వచ్చి కూర్చుంది. 1954లో ఫెండర్ తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌కి ఆయనే ఒంటి వంపులు చేర్చాడు. పక్కటెముకలకి గుచ్చుకుంటోందని వాయించేవాళ్లు మొరపెట్టుకుంటే అక్కడి చెక్కను చెక్కేశారు. మోచెయ్యి ఆనేచోటా అంతే. ఆ వంపుని శిల్పం అని పొగిడేవాళ్లున్నారు. అది మనిషి ఒంటి అచ్చు. 1956 నుంచి స్ట్రాటోకాస్టర్ పలక ఎక్కువగా ఆల్డర్‌కి మారింది. ఆల్డర్ తేలిగ్గా దొరికేది, దాని సన్నని రంధ్రాల్ని పూడ్చే పని లేదు, రంగు సులువుగా పట్టేది. అప్పటి లెక్కల పుస్తకంలోంచి వచ్చిన ఆ నిర్ణయాన్ని ఇవాళ ధ్వని రహస్యంగా పూజిస్తున్నారు. ఆ పూజ నాకు అక్కర్లేదు. ఆల్డర్ అందం మరోచోట ఉంది, అక్కడికి వస్తాను.

గిబ్సన్ వాళ్ల 1954 ధరల మెట్లు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పై మెట్టున లెస్ పాల్ కస్టమ్, నల్లగా నిగనిగలాడుతూ, బంగారు పూత భాగాలతో, 325 డాలర్లు. కింది మెట్టున లెస్ పాల్ జూనియర్, 99 డాలర్ల 50 సెంట్లు. మధ్యలో మేపుల్ ముఖం ఉన్న లెస్ పాల్. ఇప్పుడు చెక్కలు చూడండి. అప్పటి కస్టమ్‌కి మేపుల్ ముఖం లేదు. పూర్తిగా మహాగని, దాని మీద నల్లని పూత. జూనియర్ కూడా పూర్తిగా మహాగని. అన్నిటికంటే ఖరీదైనదీ, అన్నిటికంటే చవకైనదీ ఒకే జాతి చెక్క. తేడా అంతా పైనే ఉంది. కస్టమ్ ముఖాన్ని వంపు తిరిగేలా చెక్కారు, అంచున తెల్లని పట్టీలు పొదిగారు, మెట్ల పలకకి ఎబొనీ వాడారు. జూనియర్ పలకని బల్లపరుపుగా వదిలేశారు. ఒక్క పికప్, రెండు గుండీలు.

ఆ జూనియర్ అంటే నాకు మక్కువ. నేర్చుకునే పిల్లల కోసమని చేసిన గిటార్ అది. మహాగనికి యాష్‌లా పెద్ద రేఖలు ఉండవు. సన్నని సూది గాట్ల లాంటి రంధ్రాలు, ఎరుపూ గోధుమ కలిసిన రంగు, వెలుతురు తగిలితే లోపలెక్కడో ఒక పట్టు మెరుపు. జూనియర్ పలక మీద కంటికి అడ్డుపడే పొదుగుడు ఏదీ లేదు గనక ఆ చెక్కని చెక్కగా చూడగలం. తీగలు కింద ఆనే బ్రిడ్జ్ దగ్గర ఒకే ఒక పీ-90 పికప్. మెడ దగ్గర రెండో పికప్ కోసం తొలిచిన గుంత లేదు, అక్కడ పలక నిండుగా ఉంటుంది. పికప్ ఎంచుకునే మీట లేదు గనక స్వరం మార్చాలంటే గుండీ తిప్పాలి, లేదా మీటే చెయ్యి బ్రిడ్జ్‌కి దగ్గరగానో దూరంగానో జరగాలి. మౌంటెన్ బృందపు లెస్లీ వెస్ట్ ఈ జూనియర్ మీద పలికించిన గొంతు ఎంత లావైనదో, ఎంత మానవమైనదో విన్నవాళ్లకి తెలుసు. 99 డాలర్ల లేమి ఆయన చేతికి లేమిగా తోచలేదు. అన్ని దారులూ మూసుకుని ఒక్కటే తెరిచి ఉంటే, ఆ దారి చివరిదాకా వెళ్లాడు. ఈ పేదరికానికి ఒక రసం ఉంది. ఖరీదైన గిటార్లలో అది దొరకదు. వాటికి అన్నీ ఉన్నాయి గనక.

ఇంకా కిందికి దిగుదాం. న్యూజెర్సీ రాష్ట్రపు నెప్ట్యూన్ ఊళ్లో నేథన్ డేనియల్ నడిపిన డేన్‌ఎలెక్ట్రో గిటార్లకి అసలు పలకే లేదు. చవక చెక్కతో ఒక చట్రం, ముందూ వెనకా మాసొనైట్ రేకులు. మాసొనైట్ అంటే చెక్క పొట్టుని ఆవిరిలో ఉడికించి, ఒత్తి చేసే అట్ట. గోడలకి, బీరువాల వీపులకి వాడేది. పికప్‌లు లిప్‌స్టిక్ గొట్టాల్లో పెట్టినవి. సియర్స్ కంపెనీ సిల్వర్‌టోన్ పేరుతో వీటిని అమ్మింది. 1960 దశకం మొదట్లో ఆంప్లిఫయర్ బిగించిన పెట్టెతో సహా డెబ్భై డాలర్ల లోపే వచ్చేది. ఎందరో అమెరికన్ పిల్లలు మొదటిసారి మీటింది ఈ గిటార్నే. లెడ్ జెపెలిన్ బృందపు జిమ్మీ పేజ్ దగ్గర 1959 లెస్ పాల్ ఉంది. అది చేతిలో ఉన్న మనిషి కచేరీల్లో ‘కశ్మీర్’ పాటకి డేన్‌ఎలెక్ట్రో అందుకునేవాడు. తీగల్ని వేరే శ్రుతిలో దించి, ఎడారిలో బండి సాగుతున్నట్టుండే ఆ వరసకి చట్రమూ అట్టా కలిసిన గుల్ల గిటార్ కావాల్సి వచ్చింది. లక్షల వస్తువుని పక్కనపెట్టి పదుల వస్తువుని అందుకున్న ఆ చేతికి ఔచిత్యం తెలుసు.

చెక్కకి ముందే ఒక జీవితం ఉండి, తర్వాత గిటారైన కథ ఒకటుంది. 1963లో లండన్ శివార్లలో బ్రయన్ మే అనే కుర్రవాడు, ఫెండర్ కొనే తాహతు లేక, తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే గిటార్ మొదలుపెట్టాడు. మెడకి ఒక పాత ఇంటి నిప్పుగూటి పైని మహాగని దూలం. అందులో పురుగు తొలిచిన రంధ్రాల్ని అగ్గిపుల్లలతో పూడ్చారు. ఒంటి నడిమి భాగానికి పాత ఓక్ బల్ల. తీగల్ని ఊపే మీటకి పాత మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు, మీట కొసకి అల్లికల సూది మొన, మెట్ల మీది చుక్కలకి అమ్మ గుండీల పెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు. మొత్తం ఖర్చు ఎనిమిది పౌండ్లని చెబుతారు. క్వీన్ బృందం పాటల్లో, పొరలు పొరలుగా వయొలిన్ల మేళంలా లేచే ఆ గిటార్ గొంతు ఇదే. 2002లో బకింగ్‌హామ్ రాజభవనం కప్పు మీద నిలబడి ఆయన జాతీయగీతం వాయించిందీ దీనితోనే. ఆ ఓక్‌నీ, ఆ పాత మహాగనినీ తూచి వెల కట్టమంటే సామాన్ల కొట్టువాడు చిల్లర ఇస్తాడు. కానీ పైన అతికిన ఎర్రని మహాగని పొర కింద ఒక ఇంటి పొగగూడూ, ఒక బల్లా, ఒక తండ్రి సాయంత్రాలూ ఉన్నాయని తెలిసి చూస్తే ఆ ఎరుపు మరోలా కనిపిస్తుంది. ఈ ఎరుక రసాస్వాదనకి బయటిదని కొందరంటారు. నేను ఒప్పుకోను. శిల్పం ఏ రాతిలో చెక్కారో, ఆ రాయి ఏ కొండదో తెలిస్తే చూపు లోతెక్కుతుంది.

ఆల్డర్ దగ్గరికి వస్తానన్నాను. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గాలహర్ 1963లో కార్క్ నగరంలో వంద పౌండ్లకి కొంచెం తక్కువకి 1961 స్ట్రాటోకాస్టర్ కొన్నాడు. పదిహేనేళ్ల కుర్రవాడికి అది మోయలేని మొత్తం. జీవితమంతా దాన్నే వాయించాడు. ఆయన చెమట ధాటికి పైపూత పొరలు పొరలుగా లేచిపోయింది. చివరికి అక్కడక్కడా పాత రంగు పెచ్చులు తప్ప మిగిలిందంతా ఆల్డర్ చెక్కే. పూత కిందికి వెళ్లడానికే ఎంచుకున్న చెక్క అది. రంగు సులువుగా పడుతుందని కొన్న చెక్క. దాని సొంత ముఖాన్ని చూపించాలని కొన్నది కాదు. అలాంటి చెక్క ఒక మనిషి మోచేతి రాపిడికి, చెమట ఉప్పుకి బయటపడి, నూనె పట్టి, గోధుమ రంగు తిరిగి, ఎక్కడ ఎన్ని గంటలు ఆ చెయ్యి ఆనిందో చూపే పటంగా మారింది. 2024లో లండన్ వేలంలో అది ఎనిమిదిన్నర లక్షల పౌండ్లు దాటి పలికి, ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి చేరింది. ఆ వెల కట్టింది ఆల్డర్‌కి అని ఎవరూ అనలేరు. కానీ ఆ బతుకు రాసుకున్న కాగితం ఆల్డరే.

ఈ అరుగుదలను ఇప్పుడు కొనుక్కోవచ్చు. 1995 నుంచి ఫెండర్ కస్టమ్ విభాగం కొత్త గిటార్లని అరగదీసి, రంగు లేపి, తుప్పు పట్టించి, మామూలు దానికంటే చాలా ఎక్కువ ధరకి అమ్ముతోంది. ఆ పనివాళ్ల నేర్పు నిజమైనది. చేతికి అరిగిన మెడ ఇచ్చే హాయి కూడా నిజమే, దాన్ని నేను కాదనను. అయినా ఎవరి మోచెయ్యీ ఆనని చోట మోచేతి గుర్తు చూస్తే నా కంటికి ఆనదు. 1990 దశకంలో జపాన్‌లో చేసిన కొన్ని ఫెండర్ గిటార్లలో మేపుల్ చారల ఛాయాచిత్రాన్ని చవక చెక్క మీద అచ్చేశారు. దూరం నుంచి జ్వాల. దగ్గరికెళ్లి వంచితే ఏ చారా ఆరదు, ఏ చారా వెలగదు. రేఖ ఉంది, కాంతి లేదు. అంతకంటే పాప్లర్ మీద వేసిన దట్టమైన ఎర్ర రంగు, బాస్‌వుడ్ మీది నల్ల రంగు ఎంత నిజాయితీగా ఉంటాయో! ఇండొనేషియాలో తయారయ్యే చవక గిటార్లలో మూడు నాలుగు ముక్కలు అతికిన పాప్లర్ పలకలు ఉంటాయి. వాటిని రంగు కప్పేస్తుంది, కప్పాలి కూడా. మేరీలాండ్‌లోని పీఆర్‌ఎస్ కంపెనీ తన ఖరీదైన గిటార్లకి మేపుల్ జ్వాలని శ్రేణులుగా విడగొట్టి, పై శ్రేణికి అదనపు ధర తీసుకుంటుంది. వాళ్ల చవక ఎస్‌ఈ గిటార్లలో సాదా మేపుల్ మీద జ్వాల మేపుల్ పలచని పొర అతికిస్తారు. ఆ పొర పలచనిదే అయినా నిజమైన చెక్క. వంచి చూస్తే వెలుగు కదులుతుంది. అది చాలు.

మరి ఎక్కువ డబ్బు పెడితే నిజంగా ఏం వస్తుంది? నేను ముందు ఫ్రెట్ల, అంటే లోహపు మెట్ల, కొసలు చూస్తాను. చవక గిటార్‌లో మెడ పక్క నుంచి చెయ్యి జారిస్తే లోహం కొసలు గీసుకుంటాయి. మంచి దానిలో ఒకటొకటిగా ఆకురాయి పట్టి ఉంటాయి. తర్వాత పైపూత. పలచని నైట్రోసెల్యులోజ్ లాకర్ పూత కింద చెక్క చేతికి దగ్గరగా ఉన్నట్టు ఉంటుంది. మందపాటి పాలియెస్టర్ కింద గాజు తాకినట్టు ఉంటుంది. తర్వాత పలక ఎన్ని ముక్కలదో, రేఖ ఒక ముక్క నుంచి మరో ముక్కకి తెగకుండా కలిసిందో లేదో. ఇవన్నీ మనుషుల గంటలు. ధరలో న్యాయమైన భాగం ఇదే. మెట్ల పలకకి వాడే రోజ్‌వుడ్, మనం ఇరుగుడు అనే జాతి, మన దక్షిణాది అడవులదే. దశాబ్దాలుగా అది ప్రపంచమంతటి గిటార్ల మెడల మీద ఉంది. కాలిఫోర్నియా గిటార్‌లో వేలు మొదట ఆనేది మన కొండల చెక్క మీద కావచ్చు.

ఘన పలక అందాన్ని తెలుగువాళ్లకి చెవితో చూపించిన మనిషి పాలకొల్లువాడు. 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మామూలు మాండొలిన్ గుల్ల వాద్యం. మీటిన స్వరం ఠింగుమని మోగి వెంటనే ఆరిపోతుంది. గమకం ఊపడానికి అంత వ్యవధి ఉండదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ అందుకుని, నాలుగు జంట తీగల బదులు ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఘన పలక తీగ శక్తిని గాలికి అంత తొందరగా పంచిపెట్టదు, తనలోనూ ఎక్కువ దాచుకోదు. స్వరం నిలుస్తుంది. నిలిచిన స్వరాన్ని వేలితో లాగి, ఊపి, జారుడుతో మరో స్వరానికి చేర్చే వీలు దొరికింది. ఎలక్ట్రిక్ గిటార్ కోసం అమెరికాలో కనిపెట్టిన మౌనపు పలక, కర్ణాటక సంగీతంలో గమకాన్ని మోసింది. తర్వాత రిమెంబర్ శక్తి బృందం వేదిక మీద జాన్ మెక్‌లాఫ్లిన్ ఎలక్ట్రిక్ గిటార్, శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎదురెదురుగా పలికేటప్పుడు వినండి. రెండు పలకలూ తమ గొంతు వినిపించకుండా పక్కకి తప్పుకుని, రెండు చేతుల్ని మాట్లాడనిస్తాయి. ఇంత వినయం చెక్కకి ఉందని నాకు ఆ కచేరీలే నేర్పాయి.

యాష్ ఇప్పుడు కష్టాల్లో ఉంది. ఆసియా నుంచి వెళ్లిన పచ్చని పురుగు ఒకటి అమెరికాలో కోట్లాది యాష్ చెట్లని చంపేసింది. మిసిసిపీ నది పల్లపు నేలల్లో పెరిగే తేలికైన యాష్‌ని కోయడానికి వరదలు అడ్డుపడుతున్నాయి. 2020లో ఫెండర్ తన మామూలు గిటార్లలో చాలావాటికి యాష్ ఆపేసి, ఉన్నదాన్ని కొన్ని ప్రత్యేక గిటార్లకి మాత్రమే మిగిల్చింది. చవక చెక్క అరుదైన చెక్కయింది. దాని ధర పెరుగుతుంది, ధరతో పాటు దాన్ని నిలబడి చూసే కళ్లూ పెరుగుతాయి. కొన్ని టెలికాస్టర్లకి ఇప్పుడు కాల్చి ఆరబెట్టిన పైన్ వస్తోంది. 1950లో లియో ఫెండర్ చేసిన మొదటి ఎస్క్వైర్లలో కొన్ని పైన్‌వే, వాటికి నల్ల రంగు వేసి దాచారు. ఇప్పటి పైన్ పలకల్లో కొన్ని పారదర్శకమైన పూతతో వస్తున్నాయి. ముడులు కనిపిస్తాయి, కొమ్మ విరిగినచోటు చుట్టూ రేఖ దారి మార్చుకుని వెళ్లడం కనిపిస్తుంది. అలాంటి గిటార్ దుకాణంలో ఎదురైతే, ధర చీటీ తిప్పకముందే, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఆ ముడి దగ్గర కాసేపు ఆగండి.